సంవత్సర నివేదికలో నా పేరేది?

పోయిన ఏడాదంతా మిమ్మల్ని ఎవరూ వెక్కిరించలేదా? అయితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించుకోండి. మీరు పోయారేమో, ఆ సంగతి మీకింకా ఎవరూ చెప్పలేదేమో!

ఇది జోకు కాదు. నేను జోకులు వెయ్యను. ఈ లోయలో పుట్టి అరవై ఎనిమిదేళ్ళయింది. హ్యాల్టి ఫలానా రోజున జోకు వేశాడని ఎవరైనా అంటే వచ్చి రుజువు చెయ్యమనండి. నేను చెప్పేది ఆరోగ్యశాస్త్రం. మనిషన్నవాడు ఏడాదికి ఒక్కసారి, నిండు హాల్లో, నూట నలభై మంది ఎదుట, పళ్ళెంలో ఉడికిన గొర్రె తలకాయ తనవైపే చూస్తుండగా, నవ్వులపాలు కావాలి. చేపనూనె కంటే ఇది మంచిది. రుచి మాత్రం దాదాపు అదే.

రాజధాని నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ మన లోయ పత్రిక పోయిన సంచికలో ఒక ఉత్తరం రాసింది. ఫిబ్రవరిలో మనం చేసుకునే థోర్రి విందులో చదివే సంవత్సర నివేదిక మనుషుల మనసులు గాయపరుస్తోందట. దాని బదులు తెర మీద లోయ అందాల ఫొటోలు వేసి, వెనకాల మెత్తటి సంగీతం పెడితే బాగుంటుందట.

అమ్మా, లోయ అందం మాకు తెలుసు. రోజూ పొద్దున్నే మంచు పార పట్టుకుని వాకిట్లోంచి దాన్నే ఎత్తిపోస్తున్నాం.

డిసెంబరు ఆఖరున దినపత్రికలో ఐస్‌లాండ్ దేశం మొత్తానికి ఆ ఏడాది జరిగిన ముఖ్య సంఘటనలని ఒక పట్టిక వేస్తారు. యాభై ఏళ్ళుగా చదువుతున్నాను. ఒకచోట నేల చీలి నిప్పు కక్కింది. ఒక ప్రభుత్వం పడింది, అవే మొహాలతో ఇంకోటి లేచింది. హ్యాండ్‌బాల్ జట్టు గెలవాల్సిన ఆట ఓడింది. వెన్న ధర పెరిగింది. తారీఖులు మారతాయి, అంతే. అందులో మనిషేడీ? నిప్పు కక్కిన నేలకి సిగ్గేసిందా? పడిపోయిన మంత్రి చెవులు ఎర్రబడ్డాయా? లేదు! చదువుతాం, దాంట్లోనే చేపలు చుడతాం.

మన నివేదిక అలాంటిది కాదు. ఈ ఏటిదే తీసుకోండి.

మార్చిలో లోవా కొత్త కారు కొంది. వెనక కెమెరా ఉన్నది. ఆ కెమెరాలో తన పాల ట్యాంకు ఎంత చక్కగా కనిపిస్తోందో చూసి మురిసిపోతూ, మురిసిపోతూ, వెళ్ళి దాన్నే గుద్దింది. జూలైలో పాస్టరుగారు పెళ్ళి చేయించడానికి బయల్దేరి, ఫోను చూపించిన దారిన పోయి, పక్క లోయ చర్చిలో దిగారు. అక్కడ ఎవరివో అంత్యక్రియలు జరుగుతున్నాయి. వధూవరుల గురించి మొదటి పేజీ చదివేదాకా ఆయన్ని ఎవరూ ఆపలేదట. మర్యాదస్తుల లోయ అది. అక్టోబరులో కార్వెల్, ఎవరిదో దీపం రాత్రంతా తన కిటికీలో పడుతోందని, కునుకు లేదని పంచాయతీకి మూడు ఉత్తరాలు రాశాడు. మనిషొచ్చి చూస్తే ఆ దీపం కార్వెల్ గొర్రెల కొట్టానిదే.

పైగా రెండేళ్ళ నుంచి కమిటీ దగ్గర డ్రోన్ ఒకటుంది. ఇప్పుడు మన తప్పులు పైనుంచి కూడా కనిపిస్తాయి. ఇదివరకు దేవుడొక్కడే అలా చూసేవాడు, కానీ ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఫలితం చూడండి! కార్వెల్ ఉత్తరాలు మానేశాడు. పాస్టరుగారు దారి అడుగుతున్నారు, నోటితో, మనుషుల్ని. ఏ జైలు, ఏ జరిమానా ఈ పని చెయ్యగలిగింది?

దీనికి పద్ధతి కూడా ఉంది. కమిటీలో నాలుగిళ్ళ వాళ్ళుంటారు. ఏటా మారతారు. దిగిపోయేవాళ్ళు రాబోయేవాళ్ళ పేర్లు విందులోనే చదువుతారు, కాదనడానికి వీల్లేదు. ఈ ఏడు వెక్కిరింపు తిన్నవాడు ఏదో ఒకనాటికి పెట్టేవాడవుతాడు. రాయని నియమం ఒక్కటే. చావు జరిగిన ఇంటి జోలికి ఆ ఏడాది పోకూడదు. మంచి నియమమే. నేను కమిటీలో ఉన్నప్పుడు పాటించాను కూడా. కానీ అది ఒక్క ఏడాదికే!

నా భార్య హల్డోరా పోయి వచ్చే ఏప్రిల్‌కి నాలుగేళ్ళు. గొర్రెలు ఈనే కాలం అది.

మొదటి ఏడు నన్ను నివేదికలోంచి వదిలేశారు. సరే, నియమం. రెండో ఏడూ వదిలేశారు. మూడో ఏడూ వదిలేశారు! ఆ మూడో విందులో నేను గొర్రె తలకాయ రెండు చెంపలూ తిని, నాలుక తిని, పులిసిన పాలనీళ్ళలో ఊరిన పొట్టేలు వృషణాలు తిని, షాజీరా సారా మూడు గుక్కలు తాగి, చివరిదాకా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. నా పేరు రాలేదు. పేరు రానివాళ్ళం హాల్లో ముగ్గురమే. నేను, ఆర్నెల్ల పసిపాప, హాలు కరెంటు చూడ్డానికి వేరే ఊరి నుంచి వచ్చిన మనిషి.

ఒక సంగతి చెప్పాలి. ఇరవై ఆరేళ్ళు ఆ నివేదికలో పద్యాలన్నీ హల్డోరాయే రాసింది. కమిటీలో ఎవరున్నా సరే, జనవరి వచ్చేసరికి కాగితాలు పట్టుకుని మా వంటింటికి వచ్చేవాళ్ళు. అక్షరమైత్రి తప్పిన పద్యం మన లోయలో చదివితే జనం అప్పుడు నవ్వరు, తర్వాత పదేళ్ళు నవ్వుతారు. ఆవిడ పద్యం ఏనాడూ కుంటలేదు. పొయ్యి దగ్గర నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. నేను వంటింట్లోకి రాగానే కాగితం మీద గిన్నె బోర్లించేది. అంటే అందులో నేనున్నానన్నమాట.

ఇరవై ఆరేళ్ళూ ఉన్నాను. నా పొట్టేల్ని ఎవరో దొంగిలించారని పోలీసులకి ఫోను చేసిన ఏడాది ఒకటి. అది నా వెనకాలే నిలబడి ఆ మాటలన్నీ వింది. పొదుపు గురించి సభలో ముప్పావు గంట మాట్లాడి బయటికొస్తే, నా ట్రాక్టరు ఇంజను ఆపకుండా వదిలేసి ఉన్న ఏడాది ఇంకొకటి. చెప్పుకుంటూపోతే ఈ సంచిక చాలదు.

నేను ఒక్కసారీ నవ్వలేదు. ఇది గమనించండి టీచరమ్మా! మనసు గాయపడేవాళ్ళ సంఘం ఏదైనా ఉంటే దానికి ఇరవై ఆరేళ్ళు నేనే అధ్యక్షుణ్ణి.

ఇక వదిలేయబడ్డ మనిషి సుఖం ఎలా ఉంటుందో వినండి. కొట్లోకి అడుగుపెడితే గొంతులు తగ్గుతాయి. "ఎలా ఉన్నావు హ్యాల్టీ?" అని తల ఓ పక్కకి వాల్చి అడుగుతారు. గొర్రె మేత మానేసినప్పుడు పశువుల డాక్టరు తల అచ్చం అలాగే వాలుస్తాడు. లోయ ఫోను గ్రూపులో నేను, "రోడ్డు మీద మంచు ఇంకా ఎత్తలేదు, పంచాయతీ పెద్ద ఉత్త దద్దమ్మ" అని రాశాను. కింద పదహారు ఎర్ర హృదయాలు పెట్టారు. దద్దమ్మ అంటే హృదయాలా! అందులో ఒకటి ఆ దద్దమ్మ పెట్టిందే.

అందుకని పోయిన ఏడాది ఒక నిర్ణయానికొచ్చాను. నివేదికకెక్కాలంటే తప్పు చెయ్యాలి. చేద్దాం.

సెప్టెంబరులో కొండ మీంచి గొర్రెలు దిగొచ్చే రోజు. నాలుగు వేల గొర్రెలు, ఒక గుండ్రటి దొడ్డి, దాని చుట్టూ ఇంటికో అర, లోయంతా అక్కడే. చెవి గాటు చూసుకుని ఎవరి గొర్రెని వాళ్ళు తమ అర లోకి ఈడ్చుకెళ్ళాలి. చెవి చదవడం తప్పి ఇంకొకడి గొర్రెని ఈడ్చుకెళ్ళినవాడి కథ, వాడి మనవలకి పెళ్ళిళ్ళయ్యేదాకా చెప్పుకుంటారు. నేను పక్క పొలం ఇంగ్వార్ పొట్టేల్ని పట్టుకున్నాను. తెల్లది, కొమ్ములు తిరిగినది, నలభై ఏళ్ళుగా నాకు తెలిసిన గాటు. అందరూ చూస్తుండగా దాన్ని మా అర లోకి ఈడ్చాను. నెమ్మదిగా. బాగా గుర్తుండాలని దారిలో రెండుసార్లు పడ్డాను కూడా.

ఇంగ్వార్ వచ్చాడు. ఈ మనిషి ముప్ఫై రెండేళ్ళ కిందట మా మధ్య కంచెని నాలుగడుగులు నావైపు జరిపాడు. అప్పట్నుంచి మాకు మాటల్లేవు. నేను క్షమించలేదు, క్షమించను. నన్ను అల్లరి చెయ్యడానికి ఇంతకంటే తగినవాడు దొరకడనుకున్నాను.

"ఏం హ్యాల్టీ, కాళ్ళు పీకుతున్నాయా?" అన్నాడు.

"ఇది నా పొట్టేలు," అన్నాను.

"సరే సరే. నీదే అనుకో."

"అనుకోవడమేమిట్రా? చెవి చూడు!"

"చూశాన్లే. ఉండనీ. సాయంత్రం నేనే వచ్చి తోలుకుపోతా. ముందు వేడిగా ఏదన్నా తాగుదువు గాని, పద."

నా భుజం మీద చెయ్యేశాడు! ముప్ఫై రెండేళ్ళ పగ. చెయ్యేశాడు. ఆ చెయ్యి తియ్యమనడానికి నాకు నోరు రాలేదు. అది ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

నవంబరులో మహిళా సంఘం వాళ్ళ కేకుల అమ్మకం. నేనూ ఒకటి చేసి పట్టుకెళ్ళాను. చక్కెర పొయ్యాల్సిన చోట అంతా ఉప్పు పోశాను. మొదటి ముక్క లోవా తింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హమ్మయ్య అనుకున్నాను.

"అచ్చం హల్డోరా చేసినట్టే ఉంది," అంది.

హల్డోరాకి కేకు చెయ్యడం రాదన్నది నిజమే. అయినా ఇంత అన్యాయమా! ముక్క మిగలకుండా తినేశారు. మళ్ళీ ఎప్పుడు చేస్తావని అడిగారు. ఆ సాయంత్రం లోయలో నీళ్ళ ట్యాంకులు సగం ఖాళీ అయి ఉంటాయి, ఒక్కడూ నోరు మెదపలేదు.

డిసెంబరు సభలో నేనే పెట్టిన తీర్మానానికి వ్యతిరేకంగా నేనే గంటసేపు మాట్లాడి, దాన్ని ఓడించాను. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎంత విశాల హృదయమో అన్నారు. నాకు హృదయం విశాలమని అనిపించుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఇంక అడ్డదారులు లాభం లేదని, జనవరిలో అధికారికంగా వెళ్ళాను. ఈ ఏటి కమిటీకి పెద్ద స్వానా. హల్డోరా అక్క కూతురు. లోయ బడిలో ఏడు శీతాకాలాలు చదివిన చదువంతా పెట్టి, రెండు పేజీలు టైపు చేసి, ఆ అమ్మాయి బల్ల మీద పెట్టాను.

"ఏంటి బాబాయ్ ఇది?"

"దరఖాస్తు."

చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. "నిన్ను వెక్కిరించమని నువ్వే రాసుకొచ్చావా?"

"తారీఖులతో సహా. సాక్షుల పేర్లు కింద ఉన్నాయి."

"బాబాయ్, నీ మీద జోకులెయ్యడానికి ఎవరికీ నోరు రావట్లేదు. పిన్ని లేని ఇంటి మీద..."

"పిన్ని పోయింది. నేను పోలేదు. ఈ తేడా కమిటీకి తెలియాలి."

"జనం ఏమనుకుంటారు?"

"అనుకోరు, నవ్వుతారు. హాలు తీసుకున్నది దానికే కదా!"

"మరి నువ్వు నవ్వుతావా? ఒక్క ఏడన్నా నవ్వావా? పద్యం అవ్వగానే పిన్ని ముందు నీ మొహం చూసేది. జనాన్ని తర్వాత చూసేది. ఎప్పుడన్నా గమనించావా?"

"ఆ విషయం దరఖాస్తులో లేదు," అన్నాను.

"కాఫీ పెట్టనా?"

"వద్దు. పరామర్శ కాఫీలు మూడేళ్ళుగా తాగుతున్నాను. కడుపు నిండింది."

ఆ అమ్మాయి కాగితం మడిచి సొరుగులో పెట్టింది. నివేదికలో పెడతాననలేదు, పెట్టననలేదు. ఆ తర్వాత మూడు వారాలు ఎలా గడిపానో అడక్కండి. పరీక్ష రాసిన పిల్లాడు నయం.

పోయిన శనివారం విందు. జుట్టు కత్తిరించుకున్నాను. సూటు వేశాను, అది నడుం దగ్గర నన్ను గుర్తుపట్టలేదు. మూడో బల్ల దగ్గర, ఖర్మకొద్దీ ఇంగ్వార్ పక్కన, చోటు దొరికింది. తలకాయలొచ్చాయి, కుళ్ళబెట్టిన షార్కు ముక్కలొచ్చాయి. స్వానా వేదికెక్కింది. లోవా ట్యాంకు అయింది, పాస్టరుగారి పెళ్ళి ప్రసంగం అయింది, కార్వెల్ దీపం అయింది. జనం బల్లలు బాదుతున్నారు.

"ఇక మన హ్యాల్టి," అంది.

బల్లలు బాదే చేతులన్నీ ఒళ్ళోకి వెళ్ళిపోయాయి.

"ఈ పెద్దమనిషి పోయిన ఏడాది మూడు తప్పులు చేశాడు. పొట్టేలు, కేకు, తీర్మానం. మూడింటినీ కమిటీ పరిశీలించింది."

తెర మీద డ్రోను తీసిన బొమ్మ వేశారు. పైనుంచి నేను, పొట్టేలు. పొట్టేలు నాకంటే హుందాగా ఉంది. నేను పడుతున్నాను. పడబోయే ముందు ఒక్క క్షణం ఆగి, ఎవరైనా చూస్తున్నారో లేదో చుట్టూ చూసుకుంటున్నాను. రెండోసారీ అంతే.

"మూడూ కావాలని చేసినవేనని తేలింది. కాబట్టి మూడూ కొట్టివేయడమైనది." వెనక బల్లల దగ్గర కొంచెం నవ్వు మొదలైంది. "అయితే నాలుగో తప్పు ఒకటుంది. అది కావాలని చేసింది కాదు."

తన కోటు జేబులోంచి నా రెండు పేజీలు తీసింది.

మొత్తం చదివింది. విషయం: నన్ను నవ్వులపాలు చేయుట గురించి. అక్కడే సగం హాలు పడిపోయింది. ఒకటో సాక్షి ఇంగ్వార్, మాటల్లేవు గాని నిజాయితీపరుడు, కంచె సంగతి మినహా. ఇంగ్వార్ నుదురు బల్లకి ఆనించేశాడు. ఉప్పు ఎంత పోశానో గ్రాముల్లో. తర్వాత ఆఖరి వాక్యం. భార్య పోయిన సంగతిని దయచేసి లెక్కలోకి తీసుకోవద్దు, ఆమె ఉంటే ఈ పని ఇంతకంటే బాగా చేసేది.

నూట నలభై మంది నా మొహం చూస్తున్నారు, నవ్వచ్చా లేదా అని. నా పక్కన ఇంగ్వార్ భుజాలు ఊగడం మొదలైంది. గుర్రం సకిలించినట్టు ఒక్క నవ్వు నవ్వాడు. ఆ తర్వాత హాలుకి పైకప్పు లేదు.

నా చెవులు కాలిపోయాయి. షార్కు ముక్క అడ్డం పడింది. ఇంగ్వార్ నా వీపు మీద చరిచాడు, అవసరానికి మించి. దరఖాస్తు పెట్టుకుని మరీ నవ్వులపాలైన మొదటి మనిషిని నేనేనట, లోయ చరిత్రలో! నేను నవ్వానా? నవ్వలేదు. పట్టరాని కోపం వచ్చింది. అంత బాగుండి నాకు నాలుగేళ్ళయింది.

డాన్సు మొదలవకముందే బయటికొచ్చేశాను.

హాలు నుంచి మా ఇంటికి పద్దెనిమిది కిలోమీటర్లు, రెండు వంతెనలు. ఇరవై ఆరేళ్ళు ఆ దారంతా మాకు యుద్ధమే. హాలు గేటు దాటగానే నేను మొదలెట్టేవాణ్ణి.

"పొట్టేలు నా వెనక లేదు, పక్కనుంది!"

"పక్కన అంటే పద్యంలో అక్షరం కుదరదు," అనేది హల్డోరా.

"అక్షరం కోసం మొగుణ్ణి అమ్ముకుంటావా?"

"బేరం వస్తే కదా!"

మొదటి వంతెన దగ్గరికి నేను ఓడిపోతూ ఉండేవాణ్ణి. రెండోది దాటేసరికి పూర్తిగా ఓడిపోయేవాణ్ణి. ఇంటికెళ్ళాక వారం రోజులు మాట్లాడేవాణ్ణి కాదు. మొత్తం ఇరవై ఆరు వారాలు. ఆర్నెల్లు! ఆ ఆర్నెల్లు ఇప్పుడెవరిస్తారు నాకు?

ఈ శనివారం కూడా గేటు దాటగానే మొదలెట్టాను. గట్టిగానే. దరఖాస్తు సొంత పత్రం, చదవడం తప్పు! రెండోసారి నేను నిజంగానే పడ్డాను, చుట్టూ చూసింది ఊతం కోసం! స్వానా చివర చదివిన పద్యంలో మూడో పాదం కుంటింది, అది ఎవరికీ పట్టలేదు!

ఎవరూ ఎదురు చెప్పలేదు. మొదటి వంతెన రాకముందే నేను గెలిచాను. రెండో వంతెన దాకా గెలుస్తూనే ఉన్నాను. ఇల్లొచ్చింది, ఇంజను ఆపాను, అప్పటికీ నేనే గెలుస్తున్నాను. ఇంత దరిద్రపు గెలుపు పగవాడికి కూడా వద్దు.

అంచేత సంవత్సర నివేదిక గొప్ప వరమని, దాని జోలికి ఎవరూ పోకూడదని నా నిశ్చితాభిప్రాయం. దానిలో ఉన్న లోపం ఒక్కటే. నవ్వడానికి కమిటీ నూట నలభై మందిని ఏర్పాటు చేస్తుంది. తర్వాత పోట్లాడ్డానికి ఒక్క మనిషిని ఏర్పాటు చెయ్యదు.

ఈ వ్యాసంలో కనీసం నాలుగు అబద్ధాలున్నాయి. కంచె జరిపింది తను కాదు నేనేనని ఇంగ్వార్ వాదన. లోవా ట్యాంకు మీద గీత కూడా పడలేదంటోంది. పద్యం కుంటలేదని స్వానా ఒట్టేస్తోంది. నాలుగోది మీరే పట్టుకోండి. టీచరమ్మకి నా మీద ఎంత కోపం వచ్చి ఉండాలో నాకు తెలుసు. ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి ఇంట్లోనే ఉంటాను. రండి. నేను తప్పని నా మొహం మీద చెప్పండి. కాఫీ పెడతాను. మర్యాద మాత్రం మీరూ తేవద్దు, నేనూ ఇవ్వను.